అంబాసిడర్ బీడింగులకు మెరుగు పట్టేముందు

మహబూబ్‌నగర్

చిరంజీవి అల్లునికి మామ ఆశీర్వాదాలు.

మీ తాత అంబాసిడర్‌ను షెడ్డులోంచి బయటికి తీసినవని తెలిసి సంబరమైంది. బీడింగులు (డోర్ల మీది మెరిసే లోహపు పట్టీలు), గ్రిల్లు, బంపర్లు ఎట్ల బాగుచెయ్యాలని అడిగినవు. వంకరపోయినా సరే, అసలు పట్టీని పారెయ్యకు. 1958లో మొదలైన ఆ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది.

ముందు ఏది ఏ లోహమో తేల్చుకో. పనులు చెడేది ఎక్కువ ఇక్కడనే. బంపర్‌కు అయస్కాంతం గట్టిగ అంటుకుంటది, అది ఇనుము మీద క్రోమ్. స్టెయిన్‌లెస్ స్టీలులో మాత్రం కొన్ని రకాలు అంటుకుంటయి, కొన్ని అంటుకోవు, కాబట్టి అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మకు, రంగు చూడు. క్రోమ్ జర నీలంగ, స్టీలు జర పసుపుగ కనవడతది. చేతికి తేలికగ ఉంటే అల్యూమినియం. మల్టీమీటర్‌ను బీప్ మోగే సెట్టింగ్‌ల పెట్టి, దాని రెండు కొసలు పట్టీ మీద మెల్లగ ఆనించు. మోగకుంటే పైన అనోడైజింగ్ పొర, అంటే కరెంటుతో ఎక్కించిన గట్టి ఆక్సైడ్ పొర, ఉన్నట్టు. బరువుగ ఉండి, అయస్కాంతం అంటక, బొబ్బలు లేచిన మోనోగ్రామ్‌ అయితే అది జింకు పోత, అంటే జింకును కరిగించి అచ్చుల పోసింది.

ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకు, పట్టీ నడుమ విరుగుతది. పక్క పెయింటుకు మాస్కింగ్ టేపు వేసి, క్లిప్పు ఉన్నకాడనే చెక్క మేకు దూర్చి కొద్దికొద్దిగ లేపు. లోపల నట్లు ఉంటే తుప్పు వదిలే నూనె కొట్టి ఒక రాత్రి ఉంచు. ప్రతి పట్టీ వెనక ఎడమ, కుడి, ముందు, వెనక అని రాసి ఫోటో తియ్యి.

స్టెయిన్‌లెస్ పట్టీ సొట్టలు తియ్యడం ఓపిక పని. టేకు దిమ్మె మీద తోలు ముక్క పరచి, పట్టీని బోర్లించు. 6 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ కొసను గుండ్రంగ, నున్నగ అరగదీసి, దాన్ని వెనక ఆనించి చిన్న సుత్తెతో తట్టు. సొట్ట అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి రావాలె. నేరుగ నడిమి మీద గట్టిగ కొడితే లోహం సాగి ముందర గుబ్బ లేస్తది. సాగిన రేకును మళ్ల దగ్గరికి తేవడం చానా కష్టం. సన్న ఆకురాయిని పైనుంచి ఒక్కసారి తేలికగ నడిపించి చూడు: గీత పడ్డచోటు ఎత్తు, పడనిచోటు ఇంకా లోతు. లోతున్నకాడ వెనకనుంచి మళ్ల తట్టు. లోతు తియ్యకుండ ఎత్తునే అరగదీస్తూ పోతే రేకు చిల్లు పడతది.

తర్వాత వాటర్ పేపర్, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం. నంబరు పెరిగినకొద్ది అది సన్నగ ఉంటది. ఆకురాయి గీతలున్నచోట 320, ఆ మీద 400, 600, 800, 1000, 1500. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చు, అప్పుడే పాత గీతలు పోయినయా లేదా తెలుస్తది. 400 గీత ఒక్కటి మిగిలినా బఫింగ్‌తో, అంటే తిరిగే గుడ్డ చక్రంతో మెరుగు పెడితే, పోదు, మెరుపులో ఇంకా కొట్టొచ్చినట్టు కనవడతది.

బఫింగ్ కాడ పైలం. గ్రైండర్ నిమిషానికి 2800 చుట్లు తిరుగుతది, పట్టీని లాగిందంటే కత్తి లెక్క వస్తది. పట్టీని చెక్క బద్దకు కట్టుకో. చక్రం ముందువైపు కిందికి తిరుగుతుండాలె, పట్టీని నడుమకంటే కిందనే ఆనించు. పై అంచును చక్రానికి ఎదురుగ పెట్టకు. మెడల కండువ, చేతికి వదులు గ్లౌజులు వద్దు. కండ్లద్దాలు, మాస్కు తప్పదు. మొదలు నార చక్రానికి ముతక బఫింగ్ సబ్బు (చక్రానికి రుద్దే పాలిష్ కడ్డీ), తర్వాత నూలు చక్రానికి సన్న సబ్బు. ఒక సబ్బు అంటిన చక్రానికి ఇంకోటి పెట్టకు. ఒకేచోట ఆపితే స్టీలు కాలి పసుపు, నీలం రంగు తిరుగుతది.

అల్యూమినియం మీద పాత పొర ఉంటే పాలిష్ ఎక్కదు. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు నీళ్లకు 50 గ్రాముల కాస్టిక్ సోడా కలుపు. నీళ్లలోనే సోడా వెయ్యాలె, సోడా మీద నీళ్లు పొయ్యద్దు, చిమ్ముతది. రబ్బరు గ్లౌజులు, కండ్లద్దాలు పెట్టుకో. హైడ్రోజన్ వెలువడతది, ఆరుబయట చెయ్యి, దగ్గర బీడీ కూడ ఉండద్దు. నిమిషానికోసారి తీసి చూడు. మన ఎండాకాలం బకెట్ నీళ్లే వేడిగ ఉంటయి, పని తొందరగ అయితది, ఎక్కువసేపు ఉంచితే లోహాన్నే తింటది. పైన నల్లటి మసి వస్తే భయపడకు, కడిగి పాలిష్ చేస్తే పోతది. ఆ తర్వాత మళ్ల అనోడైజింగ్ చేయిస్తే మేలు, లేకుంటే మైనం పట్టించి నెలకోసారి చూసుకో.

క్రోమ్ మీది తుప్పుకు బాత్రూమ్ యాసిడ్ వద్దు, అది క్రోమ్‌నే కరిగిస్తది. వంట అల్యూమినియం ఫాయిల్‌ను నీళ్లతో తడిపి ఉండ చేసి మెల్లగ రుద్దు. పైపై తుప్పయితే పోతది. పొర లేచిపోయిందంటే ఇగ ఇంట్ల పని కాదు. మెరుపుకూ రక్షణకూ అసలు ఆధారం కింద ఉన్న నికెల్, క్రోమ్ దాని మీద చానా పలుచటి పొర. అందుకే ప్లేటింగ్‌కు ఇస్తే రాగి, నికెల్ మందంగ వేస్తడా అని ముందే అడుగు. జింకు పోతను మాత్రం యాసిడ్‌లో ముంచనియ్యకు, గ్యాస్ మంట పెట్టనియ్యకు. 400 డిగ్రీల లోపే కరిగిపోతది.

మీ నల్లగొండ బోరు నీళ్లతో ఆఖరు కడుగుడు వద్దు, చుక్క ఎండినచోటల్లా తెల్ల మచ్చ నిలుస్తది. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ (యాసిడ్ కాదు) పోసి వెంటనే మెత్తటి నూలు గుడ్డతో తుడువు.

తిరిగి పెట్టేటప్పుడు డోరు రంధ్రాల్లో తుప్పు గీకి ప్రైమర్ పూసి, క్లిప్పు వెనక బ్యూటైల్ సీలెంట్ (నీళ్లు దూరకుండ ఆపే రబ్బరు లాంటి జిగురు) పెట్టు. లేకుంటే వాన నీళ్లు ఆ రంధ్రం నుంచే దిగి డోరును లోపలినుంచి తింటయి.

వెనక డోరు పొట్టి పట్టీతో మొదలుపెట్టు. గ్రిల్లు చివరికి ఉంచు. సొట్ట తీసినంక, బఫింగ్‌కు ముందు, పట్టీని పొద్దుటి ఎండలో ఏటవాలుగ పట్టి ఒక ఫోటో పంపు, చూసి చెప్తా.

అక్కను, బావను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ మామ