ఆ ఇనప చేప లోతు నేర్చుకున్న రెండేళ్లు: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మా,

నీ ఉత్తరమూ, దానితో పంపిన వ్యాసమూ అందాయి. నీటి కింద తనంతట తాను పోయి ఓడను పేల్చే ఆయుధం టార్పెడో. బ్రిటిష్ నౌకాదళపు తొలి టార్పెడోల మీద తెలుగులో పన్నెండు పేజీలు రాయాలని కూర్చున్నావు, ముందు అందుకు నాకు చాలా సంతోషం. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను.

రెండో పేజీలో ‘1866లో రాబర్ట్ వైట్‌హెడ్ టార్పెడోను కనిపెట్టాడు’ అన్నావు. మరుసటి వాక్యంలోనే 1871 వచ్చేసింది, బ్రిటన్ హక్కులు కొనేసింది. నీ వ్యాసానికి ప్రాణం ఆ రెండు వాక్యాల నడుమ ఉంది. నువ్వు దాన్ని ఒక్క అంగలో దాటేశావు.

అక్కడ ఆగి చూడు. ఏడ్రియాటిక్ తీరాన ఫ్యూమె పట్టణం, ఇప్పటి క్రొయేషియాలోని రియెకా. ఆస్ట్రియా నౌకాదళంలో పనిచేసి విరమించిన జొవాన్ని లుప్పిస్ దగ్గర ఒక ఊహ ఉంది: పేలుడు పదార్థం నింపిన చిన్న పడవ నీటిమీద తనంతట తాను పోవాలి, ఒడ్డు నుంచి తాళ్లతో దాన్ని తిప్పాలి. 1864లో ఆ ఊహను ఊళ్లో ఓడల ఇంజిన్లు చేసే ఫ్యాక్టరీ నడుపుతున్న ఇంగ్లీషు ఇంజినీరు వైట్‌హెడ్ దగ్గరికి పట్టుకెళ్లాడు. తాళ్లతో నడిచే పడవ పనికిరాదని వైట్‌హెడ్ తేల్చేశాడు. కానీ సమస్య మాత్రం అతన్ని వదల్లేదు. కొడుకు జాన్‌నూ, ఒక ముసలి పనివాణ్నీ తోడు పెట్టుకుని రెండేళ్లు రహస్యంగా పనిచేశాడు. అలా పుట్టిందే నీటి కింద పోయే ఇనప చేప. కడుపులో బాగా కుదించి నింపిన గాలి, ఆ గాలితో తిరిగే ఇంజిన్, ముక్కు దగ్గర మందు.

ఇంతవరకూ నీకు తెలుసు. ఆ చేప సరిగ్గా ఈదలేదన్న సంగతి నువ్వు రాయలేదు. ఒకసారి పైకి తేలేది, ఇంకోసారి అడుక్కి దిగిపోయేది. ఓడ అడుగు భాగానికి తగలాలంటే అది ఒకే లోతున పోవాలి. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కదా, ఆ ఒత్తిడికి ఎదురుగా ఒక స్ప్రింగ్ పెట్టి, ఆ కదలికతో చుక్కానిని తిప్పే ఏర్పాటు చేశాడు వైట్‌హెడ్. అదొక్కటే చాలలేదు. సరైన లోతుకు చేరే వేళకు చేప ముక్కు ఇంకా కిందికే ఉంటుంది. అందుకని దాటిపోతుంది. మళ్లీ పైకి తిప్పుకుంటే అటు కూడా దాటిపోతుంది. కొత్తగా సైకిల్ నేర్చుకునే పిల్లాడు హ్యాండిల్‌ను అటూ ఇటూ అవసరానికి మించి తిప్పినట్టన్నమాట. 1868లో వైట్‌హెడ్ దానికి ఒక లోలకాన్ని జతచేశాడు. చేప వాలు ఎటుందో లోలకం చెబుతుంది, ఎంత లోతుందో స్ప్రింగ్ చెబుతుంది. రెండూ కలిసి చుక్కానిని పట్టుకుంటే చేప కుదురుగా పోయింది. వైట్‌హెడ్ దీన్ని చాలా ఏళ్లు గుట్టుగా ఉంచాడు, ‘ది సీక్రెట్’ అనే పేరే పడిపోయింది. దేశాలు డబ్బిచ్చి కొన్నది ముఖ్యంగా ఆ లోలకాన్ని.

దీనికి నువ్వు రెండు పేజీలు ఇవ్వాలి. యంత్రం గురించి రాసేటప్పుడు అది ఎక్కడ మొరాయించిందో పట్టుకోమని నేను చెప్పేది ఇందుకే. అక్కడే మనిషి కనిపిస్తాడు.

1870లో బ్రిటిష్ వాళ్లు అతన్ని పిలిపించి, మెడ్వే నది ముఖాన షీర్‌నెస్ దగ్గర ఓబెరాన్ అనే ఓడ నుంచి ప్రయోగాలు చేయించారు. లంగరు వేసి ఉంచిన పాత కొయ్య ఓడ ఏగిల్ మునిగిపోయింది. మరుసటి ఏడు 15,000 పౌన్లకు తయారీ హక్కులు కొన్నారు. వూలిచ్‌లోని రాయల్ లాబొరేటరీలో తయారీ మొదలైంది. ఈ భాగం నువ్వు బాగా రాశావు, కదపకు.

ఓడల దగ్గర మాత్రం పేర్ల జాబితా ఇచ్చావు. వెసూవియస్, లైట్నింగ్, హావక్, ఒకదాని కింద ఒకటి. కానీ ఒక్కో ఓడా ఒక్కో ప్రశ్నకు జవాబు. చేప కొద్ది దూరమే పోతుంది, మరి దాన్ని శత్రువు దగ్గరదాకా మోసుకెళ్లేది ఎలా? 1874లో నీటికి దిగిన వెసూవియస్ ఇచ్చిన జవాబు: చీకట్లో, చప్పుడు లేకుండా. పొగ కనపడకూడదని అందులో కోక్ అనే, పొగ తక్కువొచ్చే బొగ్గు కాల్చారు. పొగను పక్కల నుంచి వదిలేలా కట్టారు. అయితే దాని వేగం గంటకు 10 నాటికల్ మైళ్లు కూడా లేదు. రెండేళ్లకు థేమ్స్ ఒడ్డున చిజిక్‌లో థార్నీక్రాఫ్ట్ సంస్థ కట్టిన లైట్నింగ్ ఇచ్చిన జవాబు వేరు: వేగం. 87 అడుగుల సన్నని పడవ, గంటకు 18 నాటికల్ మైళ్లకు పైగా పరుగు. గెలిచింది ఆ రెండో జవాబే. దేశదేశాలూ ఇలాంటి పడవలు కట్టుకునేసరికి బ్రిటన్ భారీ యుద్ధనౌకలకే భయం పట్టుకుంది. చుట్టూ ఉక్కు వలలు వేలాడదీసుకున్నాయి. ఆ పడవలను తరిమి కొట్టడానికి 1893లో యారో సంస్థ హావక్‌ను కట్టింది. అలాంటి ఓడలను ‘టార్పెడో బోట్ డిస్ట్రాయర్’ అన్నారు. మన విశాఖ రేవులో జనం నోట వినే ‘డిస్ట్రాయర్’ అన్న మాట అక్కడిదే.

షా అనే బ్రిటిష్ ఓడ ఉదంతాన్ని ఎందుకు కొట్టేశావు? గురి తప్పిందనా? 1877 మే 29న పెరూ తీరంలో, తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న హువాస్కార్ అనే యుద్ధనౌక మీద షా వైట్‌హెడ్ టార్పెడో వదిలింది. యుద్ధంలో అలా వదలడం అదే మొదటిసారి. హువాస్కార్ పక్కకు తిరిగి తప్పించుకుంది. చేప వేగం గంటకు 9 నాటికల్ మైళ్లు, ఓడ వేగం 11. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, తర్వాతి ముప్పయ్యేళ్లూ ఇంజినీర్లు వేగం కోసం ఎందుకంత తపించారో పాఠకుడికే తెలిసిపోతుంది. మరుసటి ఏడు జనవరిలో నల్లసముద్ర తీరాన బటూమి దగ్గర రష్యన్ లాంచీలు టార్పెడోలతో ఇంతిబాహ్ అనే తుర్కీ ఓడను ముంచాయి. అది ఒక్క వాక్యంలో చెప్పినా సరిపోతుంది.

మాటల సంగతి రెండు ముక్కలు. 1864లో అమెరికా అంతర్యుద్ధంలో మొబైల్ బే దగ్గరున్న వాటిని నువ్వు ఈ టార్పెడోలే అనుకున్నావు. అప్పట్లో నీళ్లలో కట్టి ఉంచిన మందుపాతరలను కూడా టార్పెడో అనేవారు. షాక్ కొట్టే ఒక చేప పేరది. ఆ కాలపు కాగితాల్లో ఏ మాట ఏ వస్తువును చెబుతోందో చూసుకోకపోతే చరిత్ర మొత్తం తారుమారవుతుంది. ఇక వేగాన్ని ‘నాట్లు’ అని రాశావు. మన పాఠకుడికి వరినాట్లు మెదులుతాయి. గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని రాయి, కాస్త పొడుగైనా సరే.

నన్ను బాధపెట్టింది నీ ముగింపు. బ్రిటన్ ఘనవిజయంతో ఆపేశావు. 1914 సెప్టెంబర్ 22 ఉదయం ఉత్తర సముద్రంలో జర్మన్ జలాంతర్గామి యు-9 వదిలిన టార్పెడోలకు అబూకిర్, హోగ్, క్రెస్సీ అనే మూడు బ్రిటిష్ ఓడలు గంటన్నరలో మునిగిపోయాయి. మొదటిదాని మనుషులను కాపాడబోయి ఆగిన తక్కిన రెండూ కూడా దెబ్బతిన్నాయి. 1,400 మందికి పైగా పోయారు. 15,000 పౌన్లు పోసి కొన్న విద్య అది. ఏగిల్ మునిగినప్పుడు లోపల ఎవరూ లేరు. ఆ ఖాళీ ఓడను ఆనందంగా వర్ణించిన చేత్తోనే ఈ ఉదయాన్నీ రాయి.

నువ్వు విశాఖలోనే ఉన్నావు కాబట్టి ఇంకో పని చెయ్యి. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన జలాంతర్గామి కురుసుర ఉంది కదా. ముందు గదిలో టార్పెడో గొట్టాల ముందు నిలబడి చూడు. వాటి వ్యాసం 533 మిల్లీమీటర్లు, అంటే 21 అంగుళాలు. వైట్‌హెడ్ మొదటి చేప 14 అంగుళాలు. ఆ తేడా మనసుకు పట్టాక ఇంటికెళ్లి రెండో పేజీ తిరగరాయి. లోలకం దగ్గర మొదలుపెట్టి నాకు పంపు. తక్కిన పేజీలు అది చదివాక చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు