దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. మెట్రో మేలా, మలక్‌పేట వెళ్లి ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) ఎక్కడం మేలా?

జవాబు: రోజూ వెళ్లాలంటే మెట్రోనే. మియాపూర్ వైపు రైలెక్కి అమీర్‌పేటలో దిగి, హైటెక్ సిటీ వెళ్లే నీలం లైనుకు మారండి. గేటు దాటి బయటకు రావద్దు. ఒకే టికెట్ చివరిదాకా చెల్లుతుంది, దిగేచోట గేటు తెరవడానికీ అదే కావాలి. అమీర్‌పేటలో నీలం లైను ప్లాట్‌ఫారాలు పైఅంతస్తులో ఉంటాయి. హడావిడిలో చాలామంది నాగోల్ వైపు రైలెక్కేస్తారు. మీకు కావలసింది రాయదుర్గం వైపుది, బోర్డు చూసి ఎక్కండి.

ఎంఎంటీఎస్‌లో చార్జీ తక్కువే. కానీ ఆ రైలు కాచిగూడ, సికింద్రాబాద్, బేగంపేటల మీదుగా చుట్టి వెళ్తుంది, మెట్రో అంత తరచుగా ఉండదు. అసలు చిక్కు పేరుతోనే: ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ స్టేషన్, మెట్రో హైటెక్ సిటీ స్టేషన్ ఒకటి కావు. బోరబండ, హఫీజ్‌పేటల మధ్య ఉన్న ఎంఎంటీఎస్ స్టేషన్‌లో దిగి మళ్లీ ఆటో వెతుక్కోవాలి. మీ ఆఫీసు ఆ స్టేషన్ పక్కనే అయితే మాత్రం ఆలోచించవచ్చు.

సాయంత్రం సీటు కావాలంటే రాయదుర్గం దాకా వెళ్లి అక్కడే టికెట్ తీసుకోండి. రైలు బయల్దేరేది అక్కడినుంచే.