వంద వాట్ల బల్బు కొనే ముందు కప్లర్ తీసి చూడండి

పాత కారులో హెడ్‌లైట్ల వెలుతురు చాలడం లేదు, 100/90 వాట్ల (దూరపు వెలుగు హై బీమ్‌కు 100, దగ్గరి వెలుగు డిప్‌కు 90) హెచ్4 రకం బల్బులు తెచ్చి ఇంట్లో నేనే బిగించుకోవచ్చా అని అడిగారు. బిగించడం పావుగంట పని. కానీ ఆ బల్బులను ఉన్న వైరింగ్‌కే తగిలించకండి. నేను ఆ పని చేసి దెబ్బతిన్నాను.

మొదటి వారం రోడ్డు పట్టపగలులా కనిపించింది. ఒక రాత్రి సూర్యాపేట దాటాక కుడివైపు లైటు మినుకుమినుకుమంటూ ఆరిపోయింది. బానెట్ ఎత్తితే కాలిన ప్లాస్టిక్ వాసన. బల్బు వెనక తీగలను తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు, అంటే కప్లర్, గోధుమరంగుకు తిరిగి, కరిగి, బల్బు రేకులను కరుచుకుపోయింది. దాని వెనక తీగ తొడుగు గోటితో తాకితేనే పెళుసుగా రాలింది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది.

12 వోల్టుల దగ్గర మామూలు బల్బులోని 60 వాట్ల ఫిలమెంటు 5 ఆంపియర్లు లాగుతుంది, 100 వాట్లది 8కి పైనే. కరెంటు పెరిగిన దానికి వర్గం లెక్కన వేడి పెరుగుతుంది కనుక అదే తీగలో రెండున్నర రెట్లు దాటుతుంది. వదులైన కాంటాక్టు దగ్గర పుట్టే వేడి ఫ్యూజుకు తెలియదు. ఫ్యూజు పోతోందని పెద్దది వేయడం ఇంకా ప్రమాదం.

నా లైట్లు మందగించడానికి కారణం బల్బులు కావని తర్వాత తెలిసింది. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వెలిగించి మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, కప్లర్ దగ్గర 11.6. అంటే మిగతాది మధ్యలోని పాత వైరింగ్‌లోనే పోతోంది. వోల్టేజి కాస్త తగ్గితే వెలుతురు బాగా పడిపోతుంది. అందుకే మామూలు 60/55 బల్బులే కొత్తవి కొని, సెరామిక్ కప్లర్లతో, బ్యాటరీ నుంచి విడి ఫ్యూజుతో రిలే వైరింగ్ (స్విచ్చు మీద భారం పడకుండా బ్యాటరీ కరెంటును నేరుగా లైట్లకు పంపే ఏర్పాటు) వేయించాను. ఇప్పుడు రాత్రి ప్రయాణానికి ఆ వెలుతురు చాలుతోంది. మీరూ ముందు ఇదే కొలిచి చూడండి.

మార్చేటప్పుడు లైట్లు ఆపి, బల్బు చల్లారనివ్వండి. తీగలు పట్టుకుని లాగకుండా కప్లర్‌నే పట్టుకుని లాగి, రబ్బరు మూత తీసి, స్ప్రింగు క్లిప్పు వదులు చేయండి. కొత్త బల్బు గాజును వేళ్లతో తాకవద్దు. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది; పొరపాటున తాకితే స్పిరిట్ అద్దిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. బల్బుకున్న మూడు చెవులు ఒకే తీరుగా కూర్చుంటాయి. కూర్చోకపోతే బలవంతంగా నొక్కకుండా తిప్పి చూడండి. రబ్బరు మూత అంచు చుట్టూ సరిగ్గా పట్టిందో లేదో వేలితో తడిమి చూడాలి, లేదంటే మొదటి వానకే లోపల తేమ చేరుతుంది.

హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. కాంతి పుట్టే చోటు ఫిలమెంటు ఉండే చోటికి సరిపోకపోతే డిప్‌లో కూడా వెలుగు చెదిరి ఎదుటి బైకు మనిషి కళ్లలో పడుతుంది.

వారం పోయాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కప్లర్లు రెండూ తీసి చూడండి. రంగు ఏమాత్రం మారినా ఆ బల్బులతో బండి బయటికి తీయకండి.