సీరంలో మనిషి కణాలు ఉంటాయా?

ప్రశ్న: సియోల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ముఖానికి రాసుకోమని ఒక సీరం పంపింది. సీసా మీద ‘హ్యూమన్ అడిపోస్ స్టెమ్ సెల్ కండిషన్డ్ మీడియా’ అని ఉంది. మనిషి కొవ్వు నుంచి తీసినదట! జర్మనీలో ఉన్న మా కోడలేమో ఇలాంటివి అక్కడ అమ్మనివ్వరని అంటోంది. ఒకచోట దొరికేది మరొకచోట నిషేధం ఎందుకు? నేను వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ సీసాలో ఉండేది కణాలు కావు, కణాలను పెంచిన ద్రవం. అన్నం వార్చిన గంజిలో మెతుకు లేకపోయినా బియ్యపు సారం దిగినట్టు, దాతల కొవ్వు నుంచి వేరుచేసిన మూలకణాలు (స్టెమ్ సెల్స్) పెరుగుతూ విడిచిన ప్రోటీన్లు, కణాలను పెరగమని ప్రేరేపించే గ్రోత్ ఫ్యాక్టర్లు అందులో ఉంటాయి. కణాలను వడకట్టి తీసేస్తారు.

మీ కోడలు చెప్పింది నిజమే. ఐరోపా సమాఖ్య 1223/2009 కాస్మెటిక్స్ నిబంధనల రెండో అనుబంధంలో, నిషిద్ధ పదార్థాల జాబితాలో 416వ పద్దు కింద మానవ కణాలు, కణజాలాలతో పాటు మనిషి నుంచి వచ్చే ఉత్పత్తులన్నీ ఉన్నాయి కాబట్టి, కణాలు తీసేసిన ద్రవానికి కూడా అక్కడ చోటు లేదు. కొరియా దారి వేరు. కణాలను నేరుగా కలపనివ్వదు గానీ, పెంపక ద్రవాన్ని షరతులతో అనుమతిస్తుంది: దాతకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి వంటి సోకుడు జబ్బులు లేవని పరీక్షించి తేల్చాలి, కణాలు ఇచ్చిపుచ్చుకోవడంలో డబ్బు చేతులు మారకూడదు, ఫలానా వ్యక్తి కణాలు వాడామని ప్రకటించుకోకూడదు. ఈ చివరి షరతు లేకపోతే సినిమా తారల పేర్లతో ఎన్ని సీసాలు వచ్చేవో!

అయితే ఈ అనుమతి భద్రతకు సంబంధించినదే గానీ, ముడతలు పోతాయన్న హామీ కాదు. 500 డాల్టన్లకు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) మించిన అణువులు చెక్కుచెదరని చర్మాన్ని దాటి లోపలికి పోవడం కష్టమని చర్మశాస్త్రంలో ఒక స్థూలమైన లెక్క ఉంది. ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ ఒక్కటే సుమారు 6,000 డాల్టన్లు. అందుకే కొన్ని క్లినిక్‌లు సన్నని సూదులతో చర్మానికి రంధ్రాలు చేసి ఇలాంటి ద్రవాలు పూస్తున్నాయి. పైన రాసుకోవడానికి చేసిన ద్రవాన్ని అలా లోపలికి పంపడం వేరే సంగతి, నా దృష్టిలో ప్రమాదకరం కూడా. కణాలు విడిచే అతి సూక్ష్మమైన సంచులైన ఎక్సోజోమ్‌ల పేరుతో చేస్తున్న చికిత్సల్లో వేటికీ తమ ఆమోదం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులోనే హెచ్చరించింది.

‘స్టెమ్ సెల్’ అని రాసిన ప్రతి క్రీమూ మనిషి నుంచి వచ్చినది కాదు. చాలావాటిలో ఉండేది ఆపిల్ వంటి మొక్కల కణాల సారమే. మానవ ప్రోటీన్‌ను పోలినదాన్ని ఐస్‌లాండ్‌లో బార్లీ మొక్కల్లో తయారుచేస్తున్నారు, దాన్ని ఐరోపాలోనూ అమ్ముతున్నారు.

మన దేశంలో 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం దిగుమతి చేసి అమ్మే సౌందర్య సాధనాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అమ్మాయి పంపిన సీసాకు ఆ తనిఖీ జరగలేదు కాబట్టి, వాడదలిస్తే ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు మూడు రోజులు చూడండి. పుండ్లు, మొటిమలు ఉన్నచోట, డెర్మా రోలర్ (చర్మంపై దొర్లించే సన్నని సూదుల పరికరం) వాడిన తర్వాత మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.