పెళ్ళి కార్డులో పిచ్చి గుర్తులెందుకొచ్చాయి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్లస్ టూ అయ్యాక మా మావయ్య గారి డీటీపీ సెంటర్లో పని నేర్చుకుంటున్నాను. మొన్న తెలుగు, ఒడియా రెండింటిలో ఒక పెళ్ళి కార్డు చేసి ఫైలు ప్రెస్‌కి పంపితే అక్కడ తెలుగంతా పిచ్చి గుర్తులైపోయింది, ఒడియా మాత్రం బాగానే ఉంది. ఒకటే టెన్షన్. మావయ్య పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకరే నేర్చుకోమంటున్నారు, స్నేహితులేమో దాని కాలం అయిపోయిందంటున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పు మీ చేతిది కాదమ్మా, ఫాంటుది. అను లాంటి పాత ఫాంట్లలో మనకు కనిపించేది తెలుగే గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, వాటి మీద తెలుగు బొమ్మలు కూర్చారంతే. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే బొమ్మలు పోయి గుర్తులు బయటపడతాయి. ఒడియా మీరు యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ అన్ని సిస్టమ్‌లలో ఒకే సంఖ్య ఉండే పద్ధతిలో, కొట్టి ఉంటారు, అందుకే నిలిచింది.

పేజ్‌మేకర్ 1985లో వచ్చింది, ఆఖరి వెర్షన్ 2001ది, దానికి యూనికోడ్ రాదు. మావయ్య గారి పాత ఫైళ్ళు తెరిచి దిద్దుకునేంత నేర్చుకోండి, చాలు. కొత్త పని ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేయండి, అందులో పేరాగ్రాఫ్‌కి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు విడిపోతాయి, అది మరిచిపోవద్దు. డబ్బు పెట్టలేకపోతే స్క్రైబస్, ఇంక్‌స్కేప్ ఉచితమే.

అయితే సాఫ్ట్‌వేర్ కన్నా ముందు కన్ను అలవాటు పడాలి. 'లక్ష్మి' అని పెద్దగా కొట్టి చూడండి, క కింద ష వత్తు, మ వత్తు ఎంత దిగుతాయో. ఆ కింది లైన్లో 'శ్రీ' ఉంటే దాని గుడిదీర్ఘం పైకి లేస్తుంది, రెండూ ఢీకొంటాయి. లైనుకీ లైనుకీ మధ్య సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే ఎడం అక్షరం సైజుకి 120 శాతం, అంటే 14 పాయింట్ల అక్షరానికి 17 లోపే, అది ఇంగ్లీషుకి సరిపోతుంది. తెలుగుకి 20, 21 ఇవ్వండి. ఒడియా పక్కనే ఉంటే రెంటికీ ఒకే పాయింటు సైజు పెట్టి వదిలేయకండి, కాగితం మీద కంటికి సమానంగా కనిపించేదాకా ఒకదాన్ని తగ్గించండి. నేనైతే కార్డుకి రెండు ఫాంట్లు దాటనివ్వను. మీ ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి పేరు మీదే ఒక ఉచిత యూనికోడ్ ఫాంటు ఉంది, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పేర్లకి పెద్ద సైజులో వాడి చూడండి. చిరునామా, ముహూర్తం లాంటి చిన్న అక్షరాలకి మండలి అనే ఫాంటు హాయిగా చదివిస్తుంది.

ఫొటో ఉంటే ప్రింటు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, వాట్సాప్‌లో వచ్చినదాన్ని సాగదీయొద్దు. రంగు అంచుదాకా ఉంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలండి, అంటే రంగుని కార్డు అంచు దాటి అంత మేర పొడిగించండి, లేదంటే కటింగ్‌లో తెల్ల గీత మిగులుతుంది.

ప్రెస్‌కి అసలు ఫైలు కాకుండా, ఫాంట్లు కలిపి ఉన్న పీడీఎఫ్ పంపండి. పంపేముందు అదే పీడీఎఫ్‌ని మావయ్య గారి ఫోన్లో తెరిచి, వధూవరుల పేర్లు, తేదీ, ముహూర్తం వేలు పెట్టి గట్టిగా చదివించండి.