ఎకనామిక్స్‌లో డిగ్రీకి ఏమేం పూర్తి చేయాలి? గణితం రాకపోతే కష్టమా?

మీరు రెండు విషయాలు అడిగారు. ఎకనామిక్స్‌లో డిగ్రీ చేతికి రావాలంటే ఏయే సబ్జెక్టులు పూర్తి చేయాలన్నది ఒకటి. గణితమంటే భయపడేవారు ఆ దారి పట్టవచ్చా అన్నది రెండోది. ముందు రెండోదానికే జవాబు చెబుతాను. గణితం తప్పదు. కానీ మీరు భయపడే గణితం వేరు, అక్కడ అవసరమయ్యే గణితం వేరు. నేను ఈ డిగ్రీ చదివాను, తర్వాత కొంతకాలం మొదటి ఏడాది విద్యార్థులకు లెక్కలు చేయించాను కూడా.

నిబంధనలన్నీ క్రెడిట్ల లెక్కలో ఉంటాయి. ఐరోపాలో మూడేళ్ల డిగ్రీకి మామూలుగా 180 ఈసీటీఎస్ (ఐరోపా దేశాల ఉమ్మడి క్రెడిట్ పద్ధతి) క్రెడిట్లు, అమెరికాలో నాలుగేళ్లకు దాదాపు 120. రెండింటి కొలమానాలు వేరు కాబట్టి ఆ అంకెలను పక్కపక్కన పెట్టి చూడకండి. పాఠ్యాంశాల సారం మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. సూక్ష్మ (మైక్రో), స్థూల (మాక్రో) అర్థశాస్త్రాలు మొదట పరిచయంగా, తర్వాత మరింత లోతుగా చదవాలి. కలన గణితం (కాలిక్యులస్), గణాంక శాస్త్రం (స్టాటిస్టిక్స్), ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక సంబంధాలను కొలిచే శాస్త్రం) ఉంటాయి. ఆపైన అంతర్జాతీయ వాణిజ్యం, ప్రభుత్వ విత్తం, శ్రామిక అర్థశాస్త్రం వంటి ఐచ్ఛికాల్లో కొన్ని ఎంచుకోవాలి. కొన్నిచోట్ల చివర్లో పరిశోధన వ్యాసం కూడా రాయాలి.

జాబితా చూస్తే పెద్దగా బెదరాల్సిందేమీ లేదు. చిక్కంతా వరుసలో ఉంది. చాలాచోట్ల కలన గణితం గట్టెక్కందే రెండో స్థాయి సూక్ష్మ అర్థశాస్త్రంలోకి రానివ్వరు. గణాంక శాస్త్రం లేనిదే ఎకనామెట్రిక్స్ లేదు, అది లేనిదే పరిశోధన వ్యాసం నడవదు. పైగా కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే చెబుతారు. గణితాన్ని 'తర్వాత చూద్దాం' అని పక్కన పెట్టి, చివరికి డిగ్రీనే ఒక సెమిస్టర్ వెనక్కి నెట్టుకున్నవాళ్లు మా తరగతిలోనే ఉన్నారు. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే గణితం తీసుకోమంటాను.

ఇంతకీ ఆ గణితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. q వస్తువుల తయారీకి మొత్తం వ్యయం 50 + 4q + q² అనుకుందాం. మూడు వస్తువులకు 71, నాలుగింటికి 82 అవుతుంది. అంటే నాలుగో వస్తువుకు అదనంగా పడిన ఖర్చు 11. అదే వ్యయాన్ని అవకలనం (డిఫరెన్షియేషన్) చేస్తే ఉపాంత వ్యయం, అంటే ఉత్పత్తి కాస్త పెంచితే ఖర్చు పెరిగే రేటు, 4 + 2q వస్తుంది. మూడు దగ్గర 10, నాలుగు దగ్గర 12. మన 11 సరిగ్గా ఆ రెండింటి మధ్య ఉంది. ఇది అర్థమైతే మొదటి ఏడాది గణితంలో సగం భయం పోతుంది. తర్వాత లాగ్రాంజ్ గుణకాలు వస్తాయి. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, ఉన్న ఆదాయంలో గరిష్ఠ సంతృప్తి ఎలా పొందాలన్నదే అక్కడి ప్రశ్న.

నిజంగా తలనొప్పి తెప్పించేది, నాకు బాగా నచ్చింది కూడా, ఎకనామెట్రిక్స్. ఎక్కువ చదివినవారికి ఎక్కువ జీతం వస్తోందని గణాంకాలు చూపిస్తాయి. అయితే ఆ తేడా చదువు వల్లే వచ్చిందా, లేక సహజంగా చురుకైనవారే ఎక్కువ చదివి ఎక్కువ సంపాదిస్తున్నారా? చురుకుదనాన్ని కొలిచే అంకె మన దగ్గర లేదు. దాన్ని సమీకరణం బయట వదిలేస్తే చదువు ఖాతాలో రావాల్సినదానికన్నా ఎక్కువ ఫలితం పడే ప్రమాదం ఉంది. సూత్రాలు బట్టీపట్టి ఈ పరీక్ష దాటవచ్చేమో గానీ, పరిశోధన వ్యాసం దగ్గర దొరికిపోతారు. ఆర్ లేదా స్టాటా వంటి సాఫ్ట్‌వేర్‌లో నిజమైన గణాంకాలతో కుస్తీ పట్టినవారికే ఇది ఒంటబడుతుంది.

బీఏనా బీఎస్సీనా అన్న మీమాంస మీకూ వస్తుంది. చాలాచోట్ల బీఎస్సీలో గణితం పాలు ఎక్కువ, కానీ అన్నిచోట్లా కాదు. డిగ్రీ పేరు కన్నా అందులోని కోర్సుల పట్టికే ముఖ్యం. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మాత్రం తప్పనిసరి కాకపోయినా రేఖీయ బీజగణితం (లీనియర్ ఆల్జీబ్రా), వాస్తవ విశ్లేషణ (రియల్ అనాలిసిస్) చదవండి.

చేరేముందు విభాగం కార్యాలయంలో రెండు సంగతులు కనుక్కోండి. తప్పనిసరి కోర్సుల్లో కనీసం ఏ గ్రేడు రావాలి? గణిత విభాగంలో చదివిన గణాంక శాస్త్రాన్ని ఎకనామిక్స్ డిగ్రీకి లెక్కలోకి తీసుకుంటారా? వచ్చిన జవాబులను రాతపూర్వకంగా తీసుకుని దాచుకోండి.