కూర్చుని లేవగానే గజ్జల్లో పట్టేస్తుంటే తుంటి అరిగినట్టేనా?

చాలాసార్లు కాదు, గంటల తరబడి కూర్చుని లేచేటప్పుడు తొడ మొదట్లో పట్టేసే నొప్పి ఎక్కువగా తొడను పైకి లేపే కండరాలు బిగుసుకుపోవడం వల్ల వస్తుంది.

వీటిలో ముఖ్యమైన సోయాస్ కండరం నడుము వెన్నుపూసల దగ్గర మొదలై, గజ్జ మీదుగా దిగి తొడ ఎముక పైభాగంలో లోపలి వైపు అతుక్కుంటుంది. కూర్చున్నంతసేపూ అది కురచగానే ఉంటుంది. లేచి నిలబడగానే సాగాలి, సాగనని మొరాయిస్తుంది. పై కొస నడుముకే ఉంది కాబట్టి నడుమూ లాగుతుంది.

చీమకుర్తి గ్రానైట్‌ను కృష్ణపట్నం పోర్టుకు తోలే లారీ డ్రైవరునే తీసుకోండి. ఒంగోలు, కావలి దాటి నెల్లూరు చేరి క్యాబిన్ దిగాక మొదటి నాలుగడుగులు వంగే వేస్తాడు. కాస్త నడిచాక సర్దుకుంటుంది.

నొప్పి ఉన్న వైపు మోకాలు దుప్పటి మడత మీద ఆనించి, రెండో పాదం ముందుకు పెట్టండి. పిరుదులు బిగించి, నడుము వెనక్కి వంచకుండా ఒంటిని కొద్దిగా ముందుకు జరపండి. 30 సెకన్లు ఆగండి, రెండు మూడుసార్లు చేయండి. పిరుదులు బిగించడం మరిస్తే తొడకు బదులు నడుము వంగుతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

అరుగుదలేమోనని టెన్షన్ పడి మంచం దిగకపోవడం మామూలుగా జరిగే పొరపాటు. మోకాళ్లు ముడుచుకుని పడుకుంటే కండరం కురచగానే ఉండిపోతుంది. అరుగుదల నొప్పీ గజ్జలోనే వస్తుంది నిజమే, కానీ అది ఎక్కువగా వయసు పైబడినవాళ్లలో, బాసిపట్లు వేయడం కూడా కష్టమయ్యేలా ఉంటుంది. కిందపడ్డాక వచ్చిన నొప్పి, జ్వరం, కాలు మోపలేకపోవడం, గజ్జలో ఉబ్బు ఉంటే మాత్రం వ్యాయామం జోలికి పోకుండా డాక్టరుకు చూపించాలి.